ఇంటివారి బాధకు కొలత గలదా?

తక్కిన వ్యాధులకును చర్మవ్యాధులకును ఒక భేదము గలదు. గుండెజబ్బు గలవాడు నలుగురి నడుమ కూర్చున్నప్పుడు, అతడు తానై చెప్పిన గాని ఆ సంగతి యెవరికిని తెలియదు. చర్మవ్యాధి యట్టిది కాదు. అది వైద్యునికంటె ముందుగా వీథికి తెలియును. ముంజేతిమీదనో పెదవియంచుననో తెల్లని మచ్చ యొకటి పొడచూపిన నాడే ఎదురింటివారు దానిని చూతురు. చూచి, ఆ మనుష్యుని గూర్చి మాత్రమే గాక, ఆ యింటిని గూర్చి మాటలాడుకొందురు. "వారింట బొల్లి యున్నది" అందురే గాని, "వారి రెండవ పిల్లకు బొల్లి వచ్చినది" అనువారు తక్కువ. మేమీ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యంతయు ఆ చిన్న వాక్యమునందే యిమిడి యున్నది. వ్యాధి యొకరి చర్మముమీద నుండగా, దానిచే గలుగు బాధ యెందరిది? ఆ బాధను కొలువవచ్చునా? కొలిచినచో ఆ కొలతతో మన మేమి చేయవలెను?

కొలువవచ్చునా యను దానికి కొంతవరకు సమాధానము వచ్చియే యున్నది. బ్రిటనునందలి వేల్సు దేశమున కార్డిఫ్ నగరములో చర్మవైద్యాచార్యులైన ఆండ్రూ ఫిన్లేగారు, తమ సహచరులు ఖాన్‌గారితో గూడి, 1994లో ఒక చిన్న ప్రశ్నావళిని ప్రకటించిరి. అందు పది ప్రశ్నలే. గడచిన వారము దినములలో నీ చర్మము దురద పెట్టినదా, నలుగురిలో సిగ్గు కలిగినదా, అంగడికి పోవుటకు అడ్డమైనదా, ఏ బట్టలు కట్టుకొనవలెనన్న విషయమున జోక్యము కలిగించుకొన్నదా యని రోగి నడుగుదురు. ఒక్కొక్క ప్రశ్నకు సున్న మొదలు మూడు వరకు అంకె వేయుదురు. మొత్తము ముప్పదికి మించదు. అంకె హెచ్చిన కొలదియు బాధ హెచ్చు. అంతవరకు వైద్యులు మచ్చ యెంత మేర వ్యాపించినది, ఎంత యెర్రగా నున్నది యని తమ కన్నులతో చూచి కొలుచుచుండిరి. చర్మము వెనుకనున్న మనుష్యుని నోట విని యంకె వేయుట యిందలి విశేషము.

అయితే రోగి యొంటరిగా నుండడు గదా. 1998లో ఎగ్జిమా గల పసిపిల్లల యింటివారి నడుగుటకై యొక ప్రశ్నావళి వెలువడినది. తరువాత 2007లో బస్రా, సూ-హో, ఫిన్లే అను ముగ్గురును, ఏ చర్మవ్యాధికైనను పనికివచ్చునట్లు, రోగి బంధువులను గాని జీవితభాగస్వామిని గాని అడుగవలసిన పది ప్రశ్నలను సిద్ధపరచిరి. ఇవి వైద్యులు తమ గదిలో కూర్చుండి యూహించినవి కావు. రోగుల బంధువులను కలిసికొని, వారు చెప్పుకొన్న మాటలను విని, వానినుండి యేరినవి. మనస్సునకు గలిగిన వేదన, శరీరారోగ్యము, బంధుమిత్రులతోడి సంబంధములు, చూచువారి ప్రవర్తన, నలుగురితోడి రాకపోకలు, విశ్రాంతియు వినోదమును, రోగి సేవకు పట్టు కాలము, పెరిగిన యింటిపని, చదువునకో యుద్యోగమునకో కలిగిన దెబ్బ, ఖర్చు – ఈ పదింటిని గూర్చియు ప్రశ్నలు గలవు. ఇక్కడ వారము గాక గడచిన నెలను లెక్కకు తీసికొందురు. ఇదియు సున్న మొదలు ముప్పది వరకే. పిమ్మట 2014లో, చర్మవ్యాధులకే గాక యే వ్యాధికైనను ఇంటివారి నడుగదగిన పదునారు ప్రశ్నల పట్టికయు అచ్చటివారే కూర్చిరి.

ఈ పండితులు రోగిని, అతని చుట్టునున్న వారిని కలిపి యొకే రోగిగా భావించి, దానికొక పేరు పెట్టిరి. ఆ పేరును తెలుగున "మహారోగి" యని యనువదింతమన్న, మన భాషలో ఆ మాటకు వేరర్థము ముందే స్థిరపడి యున్నది. కుష్ఠువును మనవారు మహారోగమనియు, పెద్దరోగమనియు అనుచు వచ్చిరి. ఎక్కువమంది బాధపడుదురు గాన ఆ పేరు వచ్చెనని మే మనుకొనము. ఎక్కువమంది భయపడుదురు గాన వచ్చినది. కాబట్టి మేము "ఇంటిల్లిపాది రోగి" యని వాడుకొందుము. వినుటకు కొంచెము మోటుగా నున్నను అర్థమునకు చేరువగా నున్నది.

ఈ మాట యతిశయోక్తి యేమో యని సందేహించువారు ఎగ్జిమా గల పసిబిడ్డ యున్న యింట నొక్క రాత్రి గడపి చూడవలెను. పగలు ఆటలో మరచిన దురద రాత్రి పరుపుమీద తిరిగి వచ్చును. బిడ్డ నిద్రలో గోకికొనును. మోకాలి వెనుకను, మోచేతి మడతలయందును నెత్తురు వచ్చునంతవరకు గోకికొనును. తల్లి లేచి ఆ చేతులు పట్టుకొనును. బిడ్డ యేడ్చును. ప్రక్కగదిలో మామగారు దగ్గుదురు. ఆ దగ్గునకు అర్థము తల్లికి తెలియును. తెల్లవారుసరికి ఆమె రెండు గంటలైన నిద్రింపలేదు. వంట యెప్పటివలె చేయవలెను. స్నానము చేయించిన వెంటనే ఒడలు తడి యారకమునుపే లేపనము పూయవలెను. దినమున కొకమారుతో తీరదు. గోళ్లు కత్తిరించుచుండవలెను. ఉన్నిబట్ట పనికిరాదు, నూలుబట్ట కావలెను. వీనిలో నే యొక్కటియు పెద్ద కష్టము కాదు. అన్నియు కలిసి, ప్రతిదినమును, సంవత్సరముల తరబడి వచ్చుటయే కష్టము. ఇంతలో పెద్దబిడ్డ యొకడుండును. వానికి జబ్బు లేదు. కావుననే వానిని అడుగువారు లేరు.

సోరియాసిస్ గల పెద్దవారి యిండ్ల సంగతి మరియొక విధము. చర్మమున కణములు సహజముగా నెలకొకమారు మారుచుండవలసినవి ఆ వ్యాధియందు కొలది దినములలోనే పుట్టి పైకి వచ్చును, పొలుసులు రాలును. ప్రతి యుదయమును పక్కబట్టలు దులుపుటయు, కుర్చీక్రింద ఊడ్చుటయు భార్యకో కోడలికో నిత్యకృత్యమగును. అది అంటువ్యాధి కాదు. అయినను ఇంటికి వచ్చిన బంధువు ఆ కుర్చీలో కూర్చుండుటకు వెనుదీయును. గజ్జి మాత్రము నిజముగా అంటునది. దానికి కారణమైన చిన్నపురుగు ఒకరినుండి యొకరికి ప్రాకును. అందుచే దురద లేనివారుకూడ, ఇంటనున్న వారందరును, ఒకే దినమున మందు పూసికొనిన గాని అది యింటిని విడువదు. ఇచ్చట "ఇంటిల్లిపాది రోగి" యన్నది అలంకారము గాక, వైద్యశాస్త్రమే విధించిన చికిత్సాక్రమము.

ఇక కొలతమీద గల ఆక్షేపణలను చూతము. దుఃఖమునకు అంకె వేయుట హృదయము లేని పని యని కొందరందురు. తల్లి కన్నీటికి మూడు మార్కులా యని మా మిత్రులొకరు పరిహసించిరి. మేము పరీక్షాపత్రములు దిద్దువారము. మార్కులయందు మాకు వారికంటె నమ్మకము తక్కువ. అయినను ఈ యాక్షేపణ నిలువదని మా యభిప్రాయము. అంకె వేయనంతమాత్రమున దుఃఖము గౌరవింపబడుట లేదు, లెక్కకే రాకున్నది. వైద్యుని గదిలో రోగి కుర్చీలో కూర్చుండును, ఇంటివారు గోడకానుకొని నిలుచుందురు. వారి నెవరు నేమియు నడుగరు. అడుగనిది మన యిండ్లలోని స్త్రీలు తమంతట తాము చెప్పుకొనరు. మరియు అంకెకు లోకమున గల బలమును తక్కువగా తలపరాదు. 2005లో ఫిన్లేగారు, సోరియాసిస్ తీవ్రమైనదని నిర్ణయించుటకు మచ్చల విస్తీర్ణముతోబాటు రోగి చెప్పిన అంకె పదికి మించుటయు ఒక లక్షణముగా గ్రహింపవలెనని ప్రతిపాదించిరి. బ్రిటనులో ఖరీదైన కొన్ని మందులను ఇచ్చుటకు ఆ అంకెను చూచు పద్ధతి యేర్పడినది. రోగి సిగ్గు, రోగి నిద్రలేమి అంకెగా మారినపిమ్మటనే వానికి ధనాగారపు ద్వారము తెరచుకొన్నది. ఇంటివారి నిద్రలేమికి ఆపాటి వాక్కును కలిగింపనేల గూడదు?

రెండవ యాక్షేపణ మా మనస్సును ఎక్కువగా బాధించినది. ఇంటివారి బాధను లెక్కించుట రోగిని అవమానించుట కాదా? నీ వలన ఇంత ఖర్చు, నీ వలన ఇంత పని, నీ వలన మాకు ఇన్ని రాత్రులు నిద్ర లేదు అని పట్టిక వ్రాసి అతని చేతి కిచ్చినట్లు కాదా? పదియేండ్ల పిల్లవానికి ఈ లెక్క చెప్పవలసిన పని లేదు. వాడు ముందే వేసికొని యుండును. తన మందుకొరకు అక్క పుస్తకములు ఆలస్యమైనవని వానికి తెలియును. తండ్రి విసుగుకొన్న దినమున "నీ వలన" అను మాట యెట్లును వెలువడుచునే యున్నది. అట్టి యింటిలోనికి ముద్రించిన కాగితమొకటి వచ్చి ఆ మాటకు శాస్త్రప్రామాణ్యము తెచ్చిపెట్టినచో అంతకంటె కీడు లేదు. కావున ఇంటివారి యుత్తరములను రోగి యెదుట చదువరాదు, రోగి యెదుట వ్రాయింపనురాదు. "నీ వలన" వేరు, "ఈ జబ్బు వలన" వేరు. తల్లియు బిడ్డయు ఒకే శత్రువుచేత దెబ్బలు తిన్నవారు; ఒకరి దెబ్బలు లెక్కించినంతమాత్రమున రెండవవారు కొట్టినవారు కారు. వైద్యుడీ భేదమును నోటితో స్పష్టముగా చెప్పి, పిమ్మటనే కాగిత మీయవలెను.

ఇంతవరకు మేము వ్యాధి పెట్టు బాధను గూర్చియే వ్రాసితిమి. కాని యా పది ప్రశ్నలలో నొకటి, చూచువారి ప్రవర్తనను గూర్చినది, తక్కినవానివలె లేదు. లేపనము పూయుట వ్యాధి తెచ్చిన పని. రాత్రి మేలుకొనుట వ్యాధి తెచ్చిన శ్రమ. పొరుగింటి పేరంటమునకు పిలుపు రాకుండుట యెవరు తెచ్చినది?

మేము కొంతకాలము పనిచేసిన యొక యున్నతపాఠశాలలో ఎనిమిదవ తరగతిలో ఒక బాలిక యుండెను. తెలివిగల పిల్ల. పెదవికొసలయందును, చేతివేళ్లమీదను బొల్లి. ఆ సంవత్సరమున ఆమె రెండేసి దినముల చొప్పున నాలుగుమారులు బడికి రాలేదు. జ్వరమేమో యని తల్లి నడిగితిమి. ఆమె తల వంచుకొని, "పెద్దదాన్ని చూడడానికి వస్తున్నారండీ మాస్టారూ. ఆ పూట ఇది ఇంట్లో ఉంటే ఎలాగండీ? మా చెల్లెలింటికి పంపిస్తున్నాను" అన్నది. పిల్లకు కారణము చెప్పితివా యని మేమడుగలేదు. చెప్పవలసిన పని లేదు. గోడమీదనున్న కుటుంబపు ఫోటోకూడ ఆ దినములలో బీరువాలోనికి పోవుచుండెనని తరువాత తెలిసినది.

ఆ తల్లి చేతికి ఆ పది ప్రశ్నల కాగిత మిత్తుమని యనుకొందము. రోగి సేవకు పట్టు కాలమా? దాదాపు సున్న. పెరిగిన యింటిపనియా? సున్న. బొల్లిమచ్చ సాధారణముగా దురద పెట్టదు, నొప్పి పెట్టదు, పొలుసులు రాల్చదు. ఎండ తగులకుండ కాపాడుకొనిన చాలును. కొంత ఖర్చు. మనోవేదన మూడు. చూచువారి ప్రవర్తన మూడు. రాకపోకలు మూడు. కూడినచో పండ్రెండునకు చేరునో చేరదో. ఎగ్జిమాబిడ్డ తల్లి లెక్క దీనికి రెట్టింపు కావచ్చును. కాని యా రెండంకెలును ఒకే వస్తువును కొలుచుట లేదు. ఎగ్జిమా యింటిలో అంకెను తగ్గించుటకు మంచి మందు చాలును. ఈ యింటిలో బాధ యంతయు వాకిలి దాటి లోనికి వచ్చినదే. త్రాసు ఇంటిలో వ్రేలాడుచున్నది, తూగుచున్నది వీథి.

పైగా గడచిన నెల యను గడువు ఒకటి గలదు. రోగి కెంత మెరుగైనదో, మందు పనిచేసినదో లేదో తెలిసికొనుటకు నెల గడువు తగినదే. కాని పెద్దపిల్లకు తప్పిపోయిన సంబంధము ఈ నెలలోనిది కాదు. మూడేండ్ల క్రిందటి సంబంధము తప్పిన నాటి బాధ నేటికి చల్లారి, అలవాటై, ఇంటి గోడలలో కలిసిపోయి యుండును. "ఈ నెల ఏమీ లేదండీ" యని తల్లి నిజమే చెప్పును. మరియొక చిక్కు: ఇంటిలో ఎవరి నడుగుట? వైద్యునియొద్దకు వెంట వచ్చినవారిని సామాన్యముగా నడుగుదురు. వెంట వచ్చునది తల్లి. పెండ్లి తప్పినది అక్కకు.

ఈ విధముగా మచ్చ యొకరిది, మాట ఇంటిల్లిపాదిది యగుట నేటిది కాదు. మనుస్మృతి మూడవ యధ్యాయమున, ఎంత సంపదగలవైనను పెండ్లిసంబంధమునకు విడువదగిన కులములు పది చెప్పబడినవి. కులమనగా నిచ్చట వంశమని యర్థము. అందు క్షయ, అపస్మారము, శ్విత్రము, కుష్ఠము గల వంశములు చేరినవి. శ్విత్రమనగా బొల్లి. రోగిని విడువుమని గాక, వంశమును విడువుమని చెప్పుట గమనింపదగినది. ఇంటిల్లిపాదిని ఒకే రోగిగా చూచు భావమును కార్డిఫ్ వైద్యులకంటె ఎన్నియో శతాబ్దములకు ముందే మన స్మృతికారుడు కనిపెట్టినాడని చెప్పవచ్చును. అయితే ఆదుకొనుటకు గాదు, వెలివేయుటకు. చరకసంహితలో చికిత్సాస్థానము ఏడవ యధ్యాయము కుష్ఠమునకు సంబంధించినది. పదునెనిమిది విధముల కుష్ఠములను చెప్పి, అధ్యాయాంతమున శ్విత్రమును చెప్పి, దాని కారణములలో అసత్యము, కృతఘ్నత, దేవగురునింద, పూర్వజన్మపాపము, విరుద్ధాహారము అనువానిని పేర్కొన్నారు. చేపలు తిని పాలు త్రాగిన బొల్లి వచ్చునని మన పల్లెలలో నేటికిని వినబడు మాట ఆ విరుద్ధాహారపు శేషమే కావచ్చును. చరకుని మేము నిందింపము. చర్మమునకు రంగునిచ్చు కణములను శరీరపు స్వీయరక్షణశక్తియే పొరబాటున నశింపజేయుట చేత బొల్లి కలుగునని తెలియుటకు సాధనములు ఆ కాలమున లేవు. నేడవి యున్నవి, అయినను కుష్ఠువునకు బొల్లి తోబుట్టువన్న భ్రాంతి పోలేదు. తెల్లకుష్ఠు అను పేరే దానికి సాక్షి.

బొల్లి కొంతవరకు వంశములలో కనబడు మాట నిజమే గదా, అట్లైనచో వరుని వారడుగుట తప్పెట్లగునని మమ్ము ప్రశ్నింపవచ్చును. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. రోగి తోబుట్టువులకు ఆ వ్యాధి వచ్చు నవకాశము తక్కినవారికంటె కొంత యెక్కువ. కాని వారిలో అధికసంఖ్యాకులకు అది రానే రాదు. వచ్చినను అంటదు, ప్రాణము తీయదు, పనికి అడ్డము రాదు. మధుమేహము ఇంతకంటె హెచ్చుగా వంశమున ప్రాకుచు, కన్నులను మూత్రపిండములను చెరుపుచున్నది. అయినను తండ్రికి చక్కెరవ్యాధి యున్నదని పెండ్లి తప్పిన యింటిని మేమింతవరకు చూడలేదు. కావున వరుని వారిని నడపుచున్నది వంశారోగ్యచింత గాదు, చూచువారి కన్ను. వధూవరులు ఒకరి యారోగ్యము నొకరు నిజాయతీగా చెప్పుకొనవలెననుటకు మేము వ్యతిరేకులము కాము. అక్క పెండ్లికి చెల్లెలి పెదవి సమాధానము చెప్పవలెననుటకు మాత్రము వ్యతిరేకులము. ఇక ఆ తల్లి చేసినది తప్పా? పెద్దపిల్లకు మేలు చేయబోయి చిన్నపిల్లకు అన్యాయము చేసినదని మా నిశ్చయము. కాని యామెను ఆ సందునకు నెట్టినవారిని విడిచి ఆమె నొక్కతెను బోనులో నిలుపుట మాకు చేతగాదు.

ఇంటివారి బాధను గుర్తించుట దానంతట నది దయ కాదని మరియొక యుదాహరణము తెలుపుచున్నది. కుష్ఠువునకు కారణమైన సూక్ష్మజీవిని నార్వేదేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో కనిపెట్టెను. 1898లో మన దేశమున ప్రభుత్వమువారు బీదలగు కుష్ఠురోగులను పట్టి ప్రత్యేకముగా నుంచుటకు చట్టము చేసిరి. 1955 నాటి హిందూ వివాహచట్టములో, భార్యకో భర్తకో కుష్ఠువు వచ్చినచో రెండవవారు విడాకులు కోరవచ్చునను నిబంధన చేర్చిరి. దానిని చేర్చినవారు క్రూరులని మేమనుకొనము. రోగి భార్యకును బాధ గలదని వారు గుర్తించిరి. ఆ కాలమునకు ఆ వ్యాధి కుదురుట కష్టమని నమ్మిరి. కాన ఆమెకు వాకిలి తెరచిరి. 1981లో ప్రపంచారోగ్యసంస్థవారు రెండుమూడు మందులు కలిపి యిచ్చు చికిత్సను విధించిరి. ఆ మందు మొదలిడిన కొలది దినములకే రోగి యితరులకు అంటించుట మానును. ఆరు నెలలలోనో యేడాదిలోనో వ్యాధి కుదురును. వాకిలి మాత్రము 2019 వరకు తెరచియే యుండెను. ఆ సంవత్సరమున పార్లమెంటువారు అయిదు చట్టములలో నుండి ఆ నిబంధనను తొలగించిరి. 1898 నాటి చట్టమును 2016లో రద్దు చేసిరి.

ముప్పదియెనిమిది యేండ్లపాటు, కుదురు జబ్బునకు కుదురని జబ్బు శిక్ష. ఆ కాలమున ఎందరి సంసారములు విరిగినవో మేము లెక్క చెప్పజాలము; న్యాయస్థానమునకు పోకయే, పుట్టింటికి పంపివేయబడి తిరిగి పిలువబడని స్త్రీల లెక్క యేదియు నుండదు. మేము చెప్పదలచినది వేరు. భార్యకు బాధ గలదని గ్రహించినపిమ్మట రెండు త్రోవలున్నవి. ఆమెను రోగినుండి విడిపించుట యొకటి. ఇద్దరికిని చేయూతనిచ్చుట రెండవది. అంకె ఈ రెండింటిలో దేనిని చేయుమనియు చెప్పదు. ముప్పదికి ఇరువదియైదు వచ్చిన యింటికి నర్సును పంపవచ్చును. "ఇంత బాధ పడనేల, వానిని ఆశ్రమమున చేర్చుము" అని హితవు చెప్పవచ్చును. త్రాసు పట్టినవాని మనస్సును త్రాసు దిద్దదు. ఈ కొలతను మన దేశమున వాడుకొనదలచిన వైద్యులు, అంకె వచ్చినపిమ్మట తామేమి చేయుదురో ముందుగానే నిశ్చయించుకొని, అటుపిమ్మట ఇంటివారి నడుగుట మంచిదని మేము తలతుము.

అడుగు భాషను గూర్చియు ఒక మాట. ఈ ప్రశ్నావళుల పేరును "జీవననాణ్యత" యని తెలిగించుచున్నారు. నాణ్యమన్నది నాణెమునకు చెందిన మాట. నాణెమును మ్రోగించి చూచి మంచిదో చెల్లనిదో చెప్పినట్లు, బ్రదుకును మ్రోగించి చూచుట! గ్రామమందలి తల్లిని "నీ జీవననాణ్యత తగ్గినదా" యని యడిగిన ఆమె వైద్యునివంక వింతగా చూచును. "నీ కెట్లున్నది?" అని యడిగినను తన బిడ్డ కెట్లున్నదో చెప్పును. తనకని వేరుగా బ్రదుకొకటి గలదని ఆమె యెన్నడును తలచి యుండలేదు; అందుచేత సున్న వేయును. ఆ సున్నను చూచి ఆ యింట బాధ లేదని వైద్యుడు వ్రాసికొనును. "రాత్రి యెన్ని మారులు లేచితివి? కిందటి పెండ్లికి ఎందుకు పోలేదు? నీ యన్నము ఎన్ని గంటలకు తింటివి?" అని యడిగిన జవాబు వేరుగా వచ్చును. అదియు అత్తగారు ప్రక్కన లేనప్పుడు.

వీనికి తోడు మరియొక కాగితము కావలెనని మాకు తోచుచున్నది. అది రోగికి గాదు, రోగి యింటివారికిని గాదు. ఎదురింటివారికి, బంధువులకు, మా బోటి ఉపాధ్యాయులకు. గడువు వారి కిచ్చినట్లే మనకును గడచిన నెల. ఆ యింట మంచినీళ్లు త్రాగితిరా? వారి పిల్ల ప్రక్కనుండి మీ పిల్లను మరియొక బల్లకు మార్పుమని పంతులు నడిగితిరా? అడిగినప్పుడు పంతులు మార్చెనా? వారిని గూర్చి వాకబు చేయవచ్చినవారితో, ఎవరును అడుగకుండగనే, "అంతా మంచివారే గాని" అని ఆగితిరా? ఒక్కొక్క ప్రశ్నకు సున్న మొదలు మూడు వరకు. పేరు వ్రాయనక్కరలేదు.